ఐదు మ్యాచ్‌లకో అభిప్రాయం

2017 మార్చి 18న ఇంగ్లండ్‌లోని వెస్ట్ బ్రోమ్‌విచ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే ఓ చిన్న విమానం బ్యానర్‌ను ఈడ్చుకుంటూ మైదానం మీదుగా పోయింది. కొత్త కాంట్రాక్టు వద్దు, ఆర్సెనల్ క్లబ్బు మేనేజర్ (జట్టును నడిపే ప్రధాన కోచ్) ఆర్సెన్ వెంగర్ దిగిపోవాలి అని దాని సారాంశం. ఇంకో విమానం కూడా వచ్చింది, ఆర్సెన్ మీద మాకు నమ్మకముంది అంటూ. రెండూ ఆర్సెనల్ అభిమానుల పక్షానే ఎగిరాయి. కింద ఆర్సెనల్ 3-1తో ఓడింది.

ఇలాంటివి జరిగినప్పుడల్లా టీవీ వ్యాఖ్యాతల నోట ఒకటే పాట: అభిమానులు గాలివాటం మనుషులు, గెలిస్తే భుజాలకెత్తుకుంటారు, ఓడితే కాళ్లు పట్టి లాగేస్తారు. ఇందులో నేను ఒప్పుకునేది సగమే. మేనేజర్ మీద అభిప్రాయం మారడం సహజం, మారాలి కూడా. జట్టు మారుతుంది, వయసులు మారతాయి, ప్రత్యర్థులు అతని ఎత్తుగడ కనిపెట్టేస్తారు. మూడేళ్ల కిందటి మాటనే పట్టుకు వేలాడేవాడికి నిలకడ ఎక్కువ అనుకోనక్కర్లేదు, మ్యాచ్‌లు చూడటం మానేశాడేమో. నా పేచీ అంతా మనం దేన్ని చూసి మాట మారుస్తున్నామన్న దాని మీదే. చాలావరకు మనం చూసేది రెండు: ఆఖరి స్కోరు, పట్టికలో స్థానం. మేనేజర్ పనితనం గురించి ఆ రెండూ చెప్పేది మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ.

ఆర్సెనల్‌నే తీసుకోండి. 2015-16లో 71 పాయింట్లు, రెండో స్థానం. 2016-17లో 75 పాయింట్లు, ఐదో స్థానం. పాయింట్లు నాలుగు పెరిగాయి, స్థానం మూడు మెట్లు దిగింది. వెంగర్ హయాంలో జట్టు పూర్తి సీజన్ ఆడి మొదటి నాలుగింట్లో లేకపోవడం అదే మొదటిసారి. రెండో స్థానం వచ్చిన ఏడు గొణుగుళ్లే ఉన్నాయి, ఐదో స్థానం వచ్చిన ఏడు విమానాలు లేచాయి. వ్యతిరేకుల వాదన ఉత్తదేమీ కాదు. మొదటి ఏడు అగ్రస్థానానికి 10 పాయింట్ల దూరం, రెండో ఏడు 18. అదీగాక ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో యూరప్ ఛాంపియన్స్ లీగ్‌లో బాయర్న్ మ్యూనిక్ రెండు లెగ్గుల్లోనూ, అంటే ఇక్కడో మ్యాచ్ అక్కడో మ్యాచ్, 5-1తో చితక్కొట్టింది. కానీ ఈ రెండో రకం ఆధారాలు ఎత్తినవాళ్లు తక్కువ. ఐదో స్థానం అన్న మాట ఒక్కటే అందరి నోటా నడిచింది.

ఐదు మ్యాచ్‌ల లెక్క

ఒక జట్టును ఊహించుకోండి. ఏ మ్యాచ్‌లోనైనా అది గెలిచే అవకాశం 45 శాతం, డ్రా 25, ఓటమి 30. గెలుపుకు మూడు, డ్రాకు ఒకటి చొప్పున 38 మ్యాచ్‌లకు సగటున 61 పాయింట్ల దాకా వస్తాయి. అంటే ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో యూరప్ పోటీల గడప దగ్గర ఉండే మంచి జట్టే. సీజన్ పొడుగునా దాని సత్తా వీసమెత్తు తగ్గలేదు, మేనేజర్ ఒక్క తప్పూ కొత్తగా చేయలేదు అనుకుందాం. అయినా సరే ఆ సీజన్‌లో కనీసం ఒక్కసారి వరసగా ఐదు మ్యాచ్‌లు గెలవకుండా పోయే అవకాశం ఎంత? గెలవకపోవడానికి ప్రతిసారీ 55 శాతం చొప్పున వేసుకుని, ఆ వరస ఎక్కడైనా మొదలుకావచ్చు కదా అని లెక్కగడితే 60 శాతం వస్తుంది.

మళ్లీ చెబుతున్నా, ఏమీ చెడకుండానే 60 శాతం. నిజం సీజన్‌లో పెద్ద జట్లతో మ్యాచ్‌లు ఒకచోట గుంపుగా పడతాయి, ఒకే నెలలో ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు (నడిమి డిఫెండర్లు) గాయపడతారు, కాబట్టి అవకాశం ఇంకా పెరుగుతుంది. ఐదు మ్యాచ్‌లు గెలవలేదు కాబట్టి ఇతను పనికిరాడు అన్న తీర్పు మంచి మేనేజర్ల మీద కూడా రెండు సీజన్లలో ఒకసారైనా పడుతుందన్నమాట.

మరి ఎన్ని మ్యాచ్‌లు చూడాలి? పది పన్నెండు చూస్తే గానీ రూపు తేలదని నా లెక్క. అప్పుడు కూడా గోల్స్ బదులు ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్), అంటే ఒక్కో షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని కూడి, ఎంత నాణ్యమైన అవకాశాలు సృష్టించారు, ఎంత నాణ్యమైనవి ఇచ్చుకున్నారు అన్న అంచనా చూడటం మేలు. దీన్ని వాడటంలోనూ కాస్త జాగ్రత్త ఉండాలి. ముందు పెనాల్టీలు తీసేయాలి. ఒక్కో పెనాల్టీ విలువ 0.76 నుంచి 0.79 వరకు కడతారు, రెండు పెనాల్టీలు దొరికిన మ్యాచ్ అంకెల్లో భీకరంగా కనిపిస్తుంది, మైదానంలో అంతటి ఆట ఉండకపోవచ్చు. మొదటి అరగంటలోనే రెడ్ కార్డు పడిన మ్యాచ్‌లు పక్కన పెట్టాలి. మిగిలినవాటిలో ఇచ్చినదాన్ని సృష్టించినదానిలోంచి తీసేసి, పది మ్యాచ్‌ల సగటును వారం వారం జరుపుకుంటూ గీత గీయాలి. ఆ గీత రెండు నెలలుగా కిందికి దిగుతుంటే ఫలితాలు బాగున్నా అనుమానించాలి. గీత నిలకడగా ఉండి ఫలితాలే దిగుతుంటే ఓపిక పట్టాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పదో నిమిషంలో గోల్ కొట్టిన జట్టు సహజంగా వెనక్కి తగ్గుతుంది, ప్రత్యర్థి షాట్లు పెరుగుతాయి. 2-0తో ముందున్న జట్టు రెండో సగమంతా 0.3 ఎక్స్‌జీ మాత్రమే సృష్టించిందని తిట్టడం అన్యాయం. వెనకబడ్డ జట్టు ఆఖరి ఇరవై నిమిషాల్లో దూరం నుంచి కొట్టే పదీ పన్నెండు షాట్లూ అంతే, అంకె పెంచుతాయి గానీ ఆటతీరు గురించి ఏమీ చెప్పవు. స్కోరు సమంగా ఉన్న నిమిషాల్లో ఎవరు ఎవర్ని నొక్కుతున్నారో చూస్తే నిజం దగ్గరగా కనిపిస్తుంది.

బ్రైటన్ మేనేజర్‌గా గ్రేహమ్ పాటర్ సంగతి ఇలాంటిదే. 2020-21లో జట్టు సృష్టించిన అవకాశాలకూ కొట్టిన గోల్స్‌కూ పొంతనే లేదు, 41 పాయింట్లతో 16వ స్థానంలో ముగించింది. మరుసటి ఏడాది నవంబరు 27న సొంత మైదానంలో లీడ్స్‌తో 0-0 డ్రా అయ్యాక స్టాండ్స్‌లోంచి ఈసడింపులు వినిపించాయి. అప్పటికి బ్రైటన్ పట్టికలో ఎనిమిదో స్థానంలో ఉంది! మా క్లబ్బు చరిత్ర నాకు ఎవరైనా పాఠం చెప్పాలేమో అన్న ధోరణిలో పాటర్ మాట్లాడాడు. అభిమానుల వైపు నుంచి చూస్తే ఎనిమిది లీగ్ మ్యాచ్‌లుగా గెలుపు లేదు, వారం వారం బంతి గోల్ దాకా పోయి పక్కకు పోవడం కళ్లారా చూస్తున్నారు. ఆ విసుగు నిజమే. అది స్ట్రైకర్ మీదా, కొత్తవాణ్ని కొననివాళ్ల మీదా పోవాల్సిన విసుగు, మేనేజర్ మీద పడింది. ఆ సీజన్ బ్రైటన్ తొమ్మిదో స్థానంలో ముగించింది.

యూర్గెన్ క్లాప్ కథ ఇంకా పెద్ద స్థాయిది. 2011, 2012 జర్మనీ విజేత, అతను నడిపిన డార్ట్‌మండ్ 2015 ఫిబ్రవరిలో 19 మ్యాచ్‌లకు 16 పాయింట్లతో లీగ్‌లో అట్టడుగున ఉంది. ఆగ్స్‌బర్గ్ చేతిలో సొంతగడ్డ మీద ఓడిన రాత్రి ఆటగాళ్లు మాట్స్ హుమెల్స్, రోమన్ వైడెన్‌ఫెల్లర్ కంచె దగ్గరికెళ్లి కోపంగా ఉన్న అభిమానులతో మాట్లాడాల్సి వచ్చింది. ఆ కోపం ప్రధానంగా ఆటగాళ్ల మీదే, క్లాప్‌ను పంపేయమన్న గొంతులు అక్కడ బలంగా లేవు. సీజన్ ఏడో స్థానంలో ముగిసింది. తర్వాత లివర్‌పూల్ పరిశోధన విభాగాధిపతి ఇయాన్ గ్రేహమ్ ఆ సీజన్ మ్యాచ్‌లను లెక్కల్లో వేసి చూసి, డార్ట్‌మండ్‌ను ఘోరమైన దురదృష్టం వెంటాడిందని తేల్చాడు. ఆ సీజన్ పట్టిక ఒక్కటే చూసి ఉంటే లివర్‌పూల్ క్లాప్‌ను తెచ్చుకోకుండా మరో పేరు వెతుక్కునేది.

ఒకే గోల్ మళ్లీ మళ్లీ పడుతుంటే

అంకెలే దిక్కు అని నేననడం లేదు. కొన్ని విషయాల్లో వారం వారం చూసే అభిమాని కన్నే ముందు పట్టేస్తుంది. ఎరిక్ టెన్ హాగ్ రెండో సీజన్, 2023-24 మాంచెస్టర్ యునైటెడ్ అందుకు ఉదాహరణ. ముందు వరస పరుగెత్తి ప్రెస్ చేస్తుంది, అంటే బంతి లాక్కోవడానికి మీదపడుతుంది, వెనక వరస తన గోల్ ముందున్న బాక్స్ దగ్గరే ఉండిపోతుంది, నడుమ మిడ్‌ఫీల్డ్‌లో బస్సు తిరిగేంత ఖాళీ. ప్రత్యర్థి ఒక్క పాస్‌తో మొదటి వరస దాటాడంటే ఎదురుగా ఎవరూ లేరు. మ్యాచ్‌కు సగటున 17కు పైగా షాట్లు ఇచ్చుకుంది ఆ జట్టు. ఎనిమిదో స్థానం, గోల్స్ తేడా మైనస్ 1. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లు ఆ ఖాళీ సంగతి అక్టోబరులోనే మాట్లాడుకున్నారు.

దీన్ని ఎవరైనా పరీక్షించుకోవచ్చు. జట్టు ఇచ్చిన ఆఖరి పదిహేను గోల్స్ కాగితం మీద వేసుకుని ఒక్కోదాని ఎదురుగా రకం రాయండి: కార్నర్ లేదా ఫ్రీకిక్, పక్క నుంచి క్రాస్, బంతి పోగొట్టుకున్న వెంటనే కౌంటర్ ఎటాక్, డిఫెన్స్ వెనక్కి వేసిన పొడుగు పాస్, ఒక్కడి సొంత తప్పు, పెనాల్టీ. అన్ని రకాలూ తలా కొన్ని ఉంటే ప్రత్యేకంగా అనుకోవాల్సింది లేదు. ఐదారు గోల్స్ ఒకే రకానివై, ఆ గోల్స్ పడ్డప్పుడు వేర్వేరు డిఫెండర్లు ఆడి ఉంటే, అది శిక్షణ మైదానంలో దిద్దని తప్పు. అది మేనేజర్ ఖాతాలోకే వెళుతుంది. అదే ఐదూ ఒక్క ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) వైపు నుంచే పడి, అతనికి బదులు జట్టులో ఇంకొకరు లేకపోతే ఆ బాకీ ఆటగాళ్లను కొనేవాళ్లది.

సబ్‌స్టిట్యూషన్లు ఇంకో మంచి గుర్తు. ఐదుగురిని మార్చే వీలు 2022-23 నుంచి ప్రీమియర్ లీగ్‌లో ఉంది. 60వ నిమిషంలో ఆట చేజారుతున్నట్టు అందరికీ కనిపిస్తున్నా 78 దాకా చేతులు కట్టుకుని నిలబడే మేనేజర్ ఒక్కసారి అలా చేస్తే ఏదో కారణం ఉండొచ్చు. పది మ్యాచ్‌లు అలాగే చేస్తే అది అతని స్వభావం.

స్వభావం అన్నాను కాబట్టి టాటెన్‌హామ్‌లో ఆంజ్ పోస్టెకోగ్లూ సంగతి. 2023-24 సీజన్ మొదటి పది లీగ్ మ్యాచ్‌లకు 26 పాయింట్లు, పట్టికలో అగ్రస్థానం. నవంబరు 6న చెల్సీతో మ్యాచ్‌లో ఇద్దరికి రెడ్ కార్డులు, ఇద్దరు గాయాలతో బయటికి. తొమ్మిది మందితో ఆడుతూ కూడా అతను డిఫెన్స్ గీతను మధ్యగీత దగ్గరే నిలిపాడు. చెల్సీ పదే పదే ఆ గీత వెనక్కి పరుగులు తీసింది, గోల్‌కీపర్ విచారియో బాక్స్ వదిలి ముందుకొచ్చి బంతులు తన్నేశాడు. 90 నిమిషాలు దాటాక కూడా స్కోరు 2-1. ఆఖరికి 4-1తో ఓడారు, అయినా గ్యాలరీలోని టాటెన్‌హామ్ అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇదీ ధైర్యమంటే అన్నారు. ఏడాది తిరిగేసరికి మధ్యగీత దాకా జరిపిన అదే డిఫెన్స్ గీత, అదే మేనేజర్, అదే గోల్స్ పడే తీరు. ఇప్పుడు దాని పేరు మొండితనం.

2024-25లో టాటెన్‌హామ్ 22 లీగ్ మ్యాచ్‌లు ఓడి 38 పాయింట్లతో 17వ స్థానంలో ముగించింది. అదే జట్టు మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ గెలిచింది, 2008 తర్వాత క్లబ్బుకు అదే మొదటి ట్రోఫీ. రెండో ఏడు నేనెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానన్న అతని మాట నిజమైంది. 16 రోజుల తర్వాత పంపేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అన్న సామెత ఆ వారం చాలామందికి గుర్తొచ్చి ఉంటుంది. కానీ నా దృష్టిలో ఇక్కడ ఉంచాలన్నవాళ్లదీ, పంపాలన్నవాళ్లదీ సరైన ఆధారమే. ట్రోఫీ నిజం, 22 ఓటములూ నిజం. సెంటర్‌బ్యాక్‌లు వాన్ డి వెన్, రొమేరో నెలల తరబడి గాయాలతో కూర్చున్నది నిజం. ఆ ఆటతీరుకు సెంటర్‌బ్యాక్‌లు వెనక్కి తిరిగి పూర్తి వేగంతో పరుగెత్తాలి, అందులో తొడ కండరాల మీద పడే భారం తక్కువేమీ కాదన్నదీ నిజమే. గోల్స్ లెక్క చూస్తే 64 కొట్టి 65 ఇచ్చారు. ఒక్క గోల్ తేడాతో 17వ స్థానంలో పడటం మామూలు విషయం కాదు. అతన్ని ఉంచి ఉంటే మరుసటి ఏడు ఎనిమిదో స్థానం వచ్చేదేమో. ఇది తేలని వాదన, తేలకపోయినా ఫర్వాలేదు. ఒకే గీతను గెలిచినప్పుడు ధైర్యమనీ ఓడినప్పుడు మొండితనమనీ పిలవడమే నాకు మింగుడుపడదు. మొదటి రోజు చప్పట్లు కొట్టినప్పుడే దీని ఖరీదు ఇది అని తెలియాలి.

కొత్త పెళ్లికొడుకు వారాలు

పాతవాడు పోయి కొత్తవాడు వచ్చిన మొదటి రెండు నెలల్లో ఏర్పడే అభిప్రాయం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. 2018 డిసెంబరులో మేనేజర్ మోరిన్యోను పంపి ఓలే గున్నార్ సోల్‌షార్‌ను తాత్కాలికంగా తెచ్చింది యునైటెడ్. మొదటి ఎనిమిదీ గెలుపులే. పారిస్‌లో 3-1తో గెలిచిన రాత్రి తర్వాత ఇతన్నే ఉంచాలని మాజీ ఆటగాళ్ల నుంచి గ్యాలరీ దాకా ఒకే గొంతు. 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాక మార్చి 28న శాశ్వత పదవి. ఆ తర్వాత మిగిలిన పది మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే.

ఆ మొదటి గెలుపులు ఎవరి మీద? కార్డిఫ్, హడర్స్‌ఫీల్డ్, బోర్న్‌మత్, న్యూకాజిల్, ఆపైన కప్పు పోటీలో రెడింగ్. మొదటి రెండూ ఆ ఏడే కింది డివిజన్‌కు పడిపోయాయి. ఆరోది టాటెన్‌హామ్ మీద 1-0, అందులో గోల్‌కీపర్ డి హియా 11 సేవ్‌లు చేశాడు. గెలుపులను తక్కువ చేయడం లేదు, కానీ కొత్త మేనేజర్ వచ్చిన కొత్తలో ఎవరితో ఆడాడో, గోల్‌కీపర్ ఎన్నిసార్లు కాపాడాడో చూడకుండా అతనికి మూడేళ్ల కాంట్రాక్టు రాసివ్వమనడం ఎలా?

ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు మేనేజర్ మార్పులను పరిశీలించాడు. వరసగా ఓడి మేనేజర్‌ను మార్చిన క్లబ్బులు కోలుకున్నాయి. అంతే వరసగా ఓడి మార్చని క్లబ్బులూ కోలుకున్నాయి. మేనేజర్‌ను మార్చడం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ కనబడలేదు. లోయలో ఉన్నప్పుడే మారుస్తారు కాబట్టి తర్వాత వచ్చేది ఎక్కుడే, ఆ ఎక్కుడు కొత్తవాడి పేరు మీద పడుతుంది. 81 పాయింట్లతో లెస్టర్‌ను విజేతగా నిలిపిన క్లాడియో రనియేరిని తొమ్మిది నెలలకే, 2017 ఫిబ్రవరి 23న, పంపేశారు. అప్పటికి లెస్టర్ 17వ స్థానంలో ఉంది. తర్వాత వచ్చిన క్రెయిగ్ షేక్‌స్పియర్ మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లూ గెలిచాడు. అదే అక్టోబరులో అతన్నీ పంపేశారు.

ఈ అధ్యయనానికి ఒక పరిమితి ఉంది. అది సగటు. సగటులో మంచి మార్పులు, చెడ్డ మార్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్లు మేనేజర్ మాట వినడం మానేశాక ఏ సగటూ అతన్ని కాపాడలేదు. అదెలా తెలుస్తుందంటే, గోల్ పడ్డాక వెనక్కి పరుగు చూడండి. బంతి పోయిన మొదటి ఐదు సెకన్లలో ముందు వరస ముగ్గురూ నడుస్తున్నారా, పరుగెత్తుతున్నారా అన్నది టీవీలో సరిగా కనిపించదు, స్టేడియంలో ఎత్తైన వరస నుంచి బాగా కనిపిస్తుంది.

లెక్కలకు లొంగనివి

ఇంతవరకూ ఆధారాలు సరిచేసుకుంటే అభిప్రాయాలు సరిపోతాయన్నట్టు రాశాను. సరిపోవు. ఫలితాలతో సంబంధమే లేని అభిప్రాయాలు కొన్ని ఉంటాయి.

2012 మేలో చెల్సీకి ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన మేనేజర్ డి మాటియోను నవంబరులో తీసేసి రాఫా బెనితెస్‌ను తాత్కాలిక మేనేజర్‌గా తెచ్చారు. బెనితెస్ లివర్‌పూల్‌లో ఉన్న రోజుల్లో చెల్సీ అభిమానుల ప్లాస్టిక్ జెండాలను ఎగతాళి చేసినవాడు. మొదటి మ్యాచ్ నుంచే ఈసడింపులు. ప్రతి మ్యాచ్ 16వ నిమిషంలో డి మాటియో ఆటగాడిగా వేసుకున్న చొక్కా నంబరు గుర్తుగా చప్పట్లు. బెనితెస్ యూరోపా లీగ్ గెలిచాడు, లీగ్‌లో మూడో స్థానం తెచ్చాడు. ప్రేమ మాత్రం పుట్టలేదు. దీన్ని మూర్ఖత్వమని కొట్టేయడం తేలిక. నేనలా అనను. ఏ మనిషిని మన వైపు నిలబెట్టుకుని పాట పాడగలమో తేల్చుకునే హక్కు టికెట్ కొన్నవాడికి ఉంది. అది మంచి మేనేజరా కాదా అన్న ప్రశ్నకు జవాబు కాదు, అంతే. ఆ రెంటినీ కలిపేసి, ఇష్టం లేదు కాబట్టి చేతకానివాడు అని తీర్మానించడం దగ్గరే చిక్కు.

లీడ్స్‌లో మార్సెలో బియెల్సాది దీనికి తిరగేసిన బొమ్మ. 16 ఏళ్ల తర్వాత క్లబ్బును ప్రీమియర్ లీగ్‌లోకి తెచ్చి, మొదటి ఏడే తొమ్మిదో స్థానంలో నిలిపాడు. 2022 ఫిబ్రవరిలో లీడ్స్ ఐదు మ్యాచ్‌ల్లో 20 గోల్స్ ఇచ్చుకుంది, ప్రీమియర్ లీగ్‌లో ఒకే నెలలో అన్ని గోల్స్ ఏ జట్టూ ఇచ్చుకోలేదు. టాటెన్‌హామ్ చేతిలో 4-0తో ఓడుతున్నా స్టేడియం అతని పేరే పాడింది. మర్నాడు తీసేశారు. ఇక్కడ అభిమానుల ప్రేమ గొప్పదే, కానీ ప్రత్యర్థి ఆటగాడి వెంట మైదానమంతా మనిషికి మనిషి పరుగెత్తే ఆ పద్ధతి అలసిన, గాయపడిన జట్టుతో ఇక నడవదని మూడు మ్యాచ్‌ల ముందే తెలిసిపోయింది. తీసేయడం సబబే, అతని కోసం ఏడవడమూ సబబే అనుకునే అభిమాని నాకు అందరికన్నా నమ్మదగినవాడు.

మోరిన్యో చెల్సీ సంగతి ఇంకో రకం. 2015 మేలో విజేత, డిసెంబరుకు 16 మ్యాచ్‌ల్లో 9 ఓటములు, 16వ స్థానం. తీసేసిన రెండు రోజులకు జరిగిన మ్యాచ్‌లో గ్యాలరీ అతని పేరు పాడింది, సొంత ఆటగాళ్లను ఈసడించింది. ఎవరిది తప్పో అభిమానులు అక్కడ విడదీసి చూశారు. పూర్తిగా సరిగా చూశారా అంటే చెప్పలేను, శిబిరంలో గొడవల్లో మేనేజర్ వాటా తక్కువేం కాదు. అయినా స్థానం చూసి మేనేజర్ మీద పడటమనే సులువు దారి వాళ్లు తొక్కలేదు.

తిట్టడానికి దొరికేది ఒక్కడే

మేనేజర్ మీద అభిప్రాయం ఇంత వేగంగా ఊగడానికి ఒక నిర్మాణ కారణం ఉంది. ఇంగ్లండ్‌లో అభిమాని యజమానిని మార్చలేడు, ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే స్పోర్టింగ్ డైరెక్టర్ ముఖమైనా చాలామందికి తెలియదు, పాతిక మంది ఆటగాళ్లను ఒక్క రోజులో అమ్మలేరు. చేతికందేది మేనేజర్ ఒక్కడే. వారానికి రెండుసార్లు మైకు ముందు కూర్చునేదీ అతనే. జట్టు స్థానంలో ఎక్కువ భాగాన్ని జీతాల పద్దే నిర్ణయిస్తుందని ఆర్థికవేత్త స్టెఫాన్ జిమాన్‌స్కీ చాలా ఏళ్ల లెక్కలతో చూపాడు, దీర్ఘకాలంలో స్థానాల్లో తేడాను 90 శాతం దాకా జీతాలే వివరిస్తాయి. అందుకని మేనేజర్‌ను తూచేటప్పుడు పట్టికలో స్థానాన్ని జీతాల్లో స్థానంతో పోల్చాలి. జీతాల్లో ఆరో స్థానంలో ఉన్న క్లబ్బు ఆరో స్థానంలో ఉంటే మేనేజర్ తన పని తాను చేశాడు. ఆపైన కోరుకోవచ్చు, దానికి డబ్బు పెట్టాల్సినవాడు వేరే.

బార్సిలోనాలో సభ్యులు అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు, అవిశ్వాసం పెట్టగలరు. 2008 జూలైలో అధ్యక్షుడు లాపోర్టా మీద పెట్టిన అవిశ్వాసానికి 60 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. మూడింట రెండొంతులు కావాలి కాబట్టి నిలబడ్డాడు. అంతకుముందే అతను ఏ పెద్ద క్లబ్బునూ నడపని గ్వార్డియోలాకు జట్టు అప్పగించి ఉన్నాడు. మొదటి లీగ్ మ్యాచ్ నుమాన్సియా చేతిలో 1-0 ఓటమి, రెండోది సాంతాందెర్‌తో 1-1 డ్రా. ఆ వారం స్పెయిన్‌లో జనం ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ సీజన్ మూడు ట్రోఫీలతో ముగిసింది. కోపం పోవడానికి ఇంకో దారి ఉన్నచోట కూడా మేనేజర్ మీద తొందరపాటు తప్పదు, కాకపోతే కొంత కోపం అధ్యక్షుడి వైపు మళ్లుతుంది.

ఫెర్గూసన్ పేరు ఎత్తకండి

మేనేజర్‌కు సమయం ఇవ్వాలనేవాళ్లందరూ ఆఖరికి చేరే చోటు ఒకటే. 1986 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్ మీద 1989 డిసెంబరులో సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే బ్యానర్ లేచింది, మూడేళ్లుగా సాకులే చెబుతున్నావు, ఇక సెలవు అని. ఆ సీజన్ జట్టు 13వ స్థానం. 1990 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మార్క్ రాబిన్స్ గోల్, ఆ మేలో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్‌ఏ కప్, తర్వాత 13 లీగ్ టైటిళ్లు. అందుకని ఓపిక పట్టండి అంటారు.

ఈ వాదన నిలవదు. సమయం ఇచ్చాక కూడా ఏమీ చేయలేకపోయినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఫెర్గూసన్ ఒక్కడే కనిపిస్తాడు. సమయం ఇవ్వాలా అన్నదాని కంటే, చెడ్డ ఫలితాల కింద ఏదైనా మెరుగుపడుతోందా అన్నది అడగదగిన ప్రశ్న.

ఆర్సెనల్‌లో మికెల్ ఆర్టెటా విషయంలో మెరుగుపడింది. 2019-20లో ఎనిమిదో స్థానం, 2020-21లో మళ్లీ ఎనిమిదే. 2020 డిసెంబరులో 15వ స్థానం. 2021 ఆగస్టులో మొదటి మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు, 9 ఇచ్చారు, పట్టికలో చిట్టచివర. పంపేయమన్నవాళ్లకు కావలసినంత సరుకు. ఆ పట్టిక పక్కన పెట్టి చూస్తే, 2018-19లో 51 గోల్స్ ఇచ్చిన జట్టు 2020-21లో ఇచ్చింది 39, లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, చెల్సీల తర్వాత అదే తక్కువ. 2021 వేసవిలో కొన్న ఆరుగురూ 23 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లు. ఎక్కువ జీతాల పెద్దవాళ్లను ఒక్కొక్కరినే సాగనంపుతున్నారు. గోల్స్ కొట్టడం ఇంకా రాలేదు, వెనక భాగం మాత్రం కట్టుదిట్టమైంది. ఇవన్నీ అప్పుడే కనబడుతున్న విషయాలు, తర్వాత 84, 89 పాయింట్లు వచ్చాక వెతికి పట్టుకున్నవి కావు. అలాగని నమ్మినవాళ్లంతా ఇవి చూసే నమ్మారనుకోను. కొందరు చెల్సీ మీద గెలిచిన 2020 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ చూసి నమ్మారు. కప్పు ఫైనల్ ఒక్క మ్యాచ్, అది ఎంత బలహీనమైన ఆధారమో 2024లో మళ్లీ తేలింది.

టెన్ హాగ్ జట్టు ఆ ఏడు మే 25న సిటీని 2-1తో ఓడించి ఎఫ్‌ఏ కప్ ఎత్తింది. అప్పటిదాకా పంపేయాలన్న అభిమానుల్లో చాలామంది ఆ సాయంత్రం మెత్తబడ్డారు. క్లబ్బు కూడా మెత్తబడింది. విశ్లేషకులు, వీడియో గదులు, ప్రతి షాట్ లెక్కా చేతిలో ఉన్న క్లబ్బు జూలైలో అతని కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగించింది. మిడ్‌ఫీల్డ్‌లో ఖాళీ అలాగే ఉంది. తొమ్మిది లీగ్ మ్యాచ్‌లకు 11 పాయింట్లు, 14వ స్థానం, అక్టోబరు 28న ఉద్వాసన. అతనికీ సిబ్బందికీ చెల్లించింది కోటి పౌండ్లకు పైనే. 2018లో మోరిన్యోను, అతని సిబ్బందిని పంపడానికి అదే క్లబ్బు కోటీ 96 లక్షల పౌండ్లు కట్టింది.